లీటరు పెట్రోలు ఎంత దూరం?

నరసరావుపేటలో కొత్త కారు ఇంటిముందు ఆగిందంటే పూజ పూర్తికాకముందే ఎవరో ఒకరు అడుగుతారు: "ఎంతిస్తుందంట?" షోరూంలో చెప్పిన 24 అనో 25 అనో జవాబు వస్తుంది. ఆర్నెల్లు తిరిగాక అదే ప్రశ్న అడిగితే జవాబు 14, 15 దగ్గరికి దిగుతుంది. "హైవే మీద మాత్రం 19 ఇచ్చింది లెండి" అని ఓ సర్దుబాటు మాట తోడవుతుంది. మధ్యలో పోయిన ఆ తొమ్మిది పది కిలోమీటర్లు ఏమయ్యాయన్న దగ్గర నాలుగు వాదాలు వినిపిస్తాయి. కంపెనీ అబద్ధం చెప్పిందని ఒకరు, బంకులో తక్కువ పోస్తున్నారని ఒకరు, ఇథనాల్ కలిపి ఇంజిన్లు పాడుచేస్తున్నారని ఒకరు, తొక్కేవాడి కాలు బరువని ఇంకొకరు. నాలుగింట్లోనూ కొంత నిజముంది. ఎవరి వాటా ఎంతో తేల్చుకోకపోతే మాత్రం ఈ వాదం ఎప్పటికీ తెగదు.

తేల్చుకోవాల్సిన అవసరం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ. పెట్రోలు మీద మన రాష్ట్రం 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి వసూలు చేస్తోంది. 2024 మార్చిలో దేశమంతటా లీటరుకు రెండు రూపాయలు తగ్గించిన తర్వాత కూడా ఇక్కడ ధర 109 రూపాయలకు అటూఇటూగా నిలిచింది. అదే పెట్రోలు చెన్నైలో 101 లోపు, బెంగళూరులో 103 లోపు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. లీటరుకు 24 చొప్పున వస్తే 417 లీటర్లు చాలు, 15 చొప్పున వస్తే 667 కావాలి. లీటరు 110 రూపాయలని లెక్కేసినా తేడా 27,500 రూపాయలు. మన ఊళ్లలో ఇది ఒక పిల్లవాడి స్కూలు ఫీజు.

కాగితం మీది అంకె ఎక్కడ పుట్టింది?

షోరూంలో చెప్పే మైలేజీ ప్రభుత్వ నిబంధనల ప్రకారం జరిగిన పరీక్షలో తేలిన అంకె. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలు దీన్ని కొలుస్తాయి కాబట్టి జనం నోట అది 'ఏఆర్ఏఐ మైలేజీ' అయింది. పరీక్షలో కారు కదలదు. చక్రాల కింద రోలర్లు తిరుగుతుంటాయి. డ్రైవరు తెరమీద గీసిన గీతను అనుసరించి వేగం పెంచుతూ తగ్గిస్తూ ఉంటాడు. మొత్తం 1,180 సెకన్లు, అంటే ఇరవై నిమిషాల లోపు. మొదటి రెండొంతుల సమయం ఊళ్లో నడిపినట్టు ఆగుతూ సాగుతూ, మిగతాది ఊరు దాటినట్టు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, అదీ కొద్ది సెకన్లు. గది ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఏసీ వేయరు. ఎత్తూ ఉండదు, గుంటా ఉండదు, అడ్డంగా వచ్చే గేదే ఉండదు.

అంకె అబద్ధం కాదు, ఆ గదిలో అది నిజమే. రెండు కార్లను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి అలాంటి గదే కావాలి కూడా. చిక్కల్లా దాన్ని మన నెల ఖర్చుకు కొలబద్దగా తీసుకోవడంలో ఉంది.

ఈ పరీక్షకు మూలం యూరప్‌లో పుట్టిన పాత పద్ధతి. అక్కడ దాని బతుకు ఎలా ముగిసిందో చూస్తే మన అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. స్వచ్ఛ రవాణాపై పరిశోధించే ఐసీసీటీ అనే అంతర్జాతీయ సంస్థ యూరప్ యజమానుల అసలు వాడకాన్ని పరీక్ష అంకెలతో పోల్చి చూసింది. 2001లో అమ్మిన కార్లలో తేడా పది శాతం లోపే. 2015లో అమ్మిన కార్లలో అది 40 శాతం దాటింది. పరీక్ష ఎలా ఉంటుందో ముందే తెలిసినప్పుడు దానికి సరిపడా బండి తయారుచేయడం కంపెనీలు నేర్చుకున్నాయి. తీరా యూరప్ ఆ పద్ధతిని వదిలేసి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్తదానికి మారింది. అందులో పరీక్ష అరగంట, గరిష్ఠ వేగం 131 కిలోమీటర్లు. అమెరికా 2008 మోడళ్ల నుంచే ఏసీ వాడకం, చలి, అధిక వేగం కలిపి లేబుల్ మీది అంకెను కిందికి దించింది. మన దేశంలో డబ్ల్యూఎల్‌టీపీకి మారాలన్న ప్రతిపాదన ఉంది. అది అమలయ్యేదాకా షోరూం అంకెలో మూడో వంతు దాకా పక్కన తీసిపెట్టి ఖర్చు అంచనా వేసుకోవడం మేలు.

లీటరులో ఉన్న శక్తి ఎటు పోతోంది?

లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. టన్ను బరువున్న చిన్న కారు చదును రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాగడానికి, గాలిని చీల్చుకోవడానికీ టైర్లు దొర్లడానికీ కలిపి కిలోమీటరుకు 0.3 మెగాజౌళ్లు చాలు. ఆ లెక్కన లీటరుకు వంద కిలోమీటర్ల పైనే పోవాలి. పోదు. ఇంజిన్లో కాలిన శక్తిలో ఎక్కువ భాగం వేడిగా మారి రేడియేటరులోంచీ పొగగొట్టంలోంచీ బయటికి పోతుంది. చక్రాలదాకా చేరేది నాలుగో వంతుకు అటూఇటూ. ఊళ్లో ఆగి ఆగి నడిపితే అంతకూడా చేరదు. బరువు, గాలి, రాపిడి అన్నీ తగ్గించుకుంటూ పోతే ఏమవుతుందో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విద్యార్థులు 2005లో చూపించారు. ఒక్కరే పడుకుని నడిపే బండి, లీటరు పెట్రోలుకు సమానమైన హైడ్రోజన్‌తో 5,385 కిలోమీటర్ల లెక్కకు చేరింది. అందులో కుటుంబమూ పట్టదు, మిరపకాయ బస్తా అసలే పట్టదు.

కాబట్టి మన చేతిలో ఉన్నది ఆ నాలుగో వంతును ఎలా ఖర్చుపెడతామన్నదే. పల్నాడులో అది ప్రధానంగా మూడు చోట్ల కారిపోతుంది: ఎండ, ఊరు, వేగం.

ఎండ సంగతి చెప్పాలంటే, రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతల వార్త వచ్చిన ప్రతిసారీ ముందు వినపడే పేరు మన రెంటచింతల. నలభై అయిదు డిగ్రీల్లో గంటసేపు నిలబెట్టిన కారు లోపల కుంపటిలా ఉంటుంది. దాన్ని చల్లార్చే తొలి పది నిమిషాలు ఏసీ కంప్రెసరు ఇంజిన్ నుంచి గట్టిగానే శక్తి లాగుతుంది. మండే ఎండలో, దగ్గర దూరాల ప్రయాణాల్లో ఏసీ వల్ల మైలేజీ పాతిక శాతం పైగా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. ఇంటి నుంచి పల్నాడు రోడ్డులోని ఆసుపత్రికి, అక్కణ్నుంచి మల్లమ్మ సెంటరుకు తిరిగే తిరుగుడు సరిగ్గా ఈ కోవలోదే. ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చి, ఆ తర్వాత ఏసీ వేస్తే దాని మీద భారం చాలా తగ్గుతుంది. హైవే ఎక్కాక లెక్క తిరగబడుతుంది. అక్కడ అద్దాలు దించితే లోపలికొచ్చే గాలే బండిని వెనక్కి లాగుతుంది కనుక ఏసీయే నయం.

ఊరి సంగతి. ఆగిన ప్రతిసారీ అంతదాకా కూడబెట్టిన వేగమంతా బ్రేకుల్లో వేడిగా కాలిపోతుంది. కదిలిన ప్రతిసారీ దాన్ని మళ్లీ పెట్రోలుతో కొనుక్కోవాలి. పైగా రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. వేడెక్కేదాకా అది ఎక్కువ పెట్రోలే తాగుతుంది. ఆటోలు, తోపుడు బళ్లు, ఎదురొచ్చే బైకుల మధ్య మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు కదిలే దారిలో చిక్కుకున్న కారు అయితే గంటకు మీటర్లలో కదులుతుంది. నిలబడిన చిన్న కారు ఇంజిన్ ఆపకపోతే గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. ఆ గంటలో దాని మైలేజీ సున్నా.

వేగం సంగతి. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి వెళ్లే నాలుగు వరుసల రోడ్డు వచ్చాక మనవాళ్ల కాలు బరువెక్కింది. గాలి అడ్డం వేగంతో సమంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కు పెంచితే వేగం పెరిగేది నాలుగో వంతు, గాలి అడ్డం పెరిగేది 56 శాతం. వంద కిలోమీటర్ల దూరానికి ఇందులో మిగిలేది పదిహేను నిమిషాలు. సిమెంటు లారీలు కుడివైపు వరుస కూడా పట్టుకునే దాచేపల్లి, పిడుగురాళ్ల దగ్గర ఆ పదిహేనూ మిగలవు. గట్టిగా తొక్కడం, లారీ వెనక బ్రేకు కొట్టడం, మళ్లీ తొక్కడంతోనే సరిపోతుంది. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా దేశమంతటికీ గంటకు 55 మైళ్ల వేగ పరిమితి పెట్టింది ఈ లెక్క చూసే. మన పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు మేలని ఏళ్లుగా చెబుతోంది. హైవే మీద అంత నిదానం ఎవరికీ కుదరదు. 80 దగ్గర నిలకడగా పోవడం మాత్రం ఎవరికైనా కుదురుతుంది.

అంబాసిడర్ నాటి సలహాలు

ట్రావెల్స్ కార్లు నడిపే పాతతరం డ్రైవర్లు మైలేజీ విద్యలో పండినవాళ్లు. ముందున్న రోడ్డు చూసి వంద గజాల ముందే కాలు తీసేయడం, గేరు త్వరగా మార్చడం, అరక్లచ్ మీద బండి ఆపకపోవడం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవే. అయితే వాళ్ల సలహాల్లో ఒకదానికి కాలం చెల్లింది.

కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కొందరు బండిని న్యూట్రల్లో పెట్టి వదిలేస్తారు. కార్బురేటరు ఉన్న అంబాసిడర్‌లో అలా కొంత మిగిలేదేమో. ఇప్పటి ఇంజిన్లో పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజిన్ని తిప్పుతున్నాయని గ్రహించి అది పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్లో పెడితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే మిగుల్తుందనుకుని దిగినంతసేపూ తగలేస్తున్నాం. అంతకన్నా పెద్ద ముప్పు మరొకటి. ఇంజిన్ పట్టు లేక బరువంతా బ్రేకుల మీద పడి, మలుపు దగ్గర అవి వేడెక్కి పట్టు వదలొచ్చు. ఏ గేరులో కొండెక్కామో ఆ గేరులోనే దిగాలన్న మాట రక్షణకూ పొదుపుకూ రెండింటికీ పనికొస్తుంది.

టైర్ల గాలి మీద నమ్మకం మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, కాకపోతే దాని వాటా చిన్నది. నాలుగు టైర్లలోనూ ఒక్కో పాయింటు గాలి తగ్గితే మైలేజీ 0.2 శాతం పడుతుంది. పది పాయింట్లు తగ్గేదాకా చూసుకోనివాళ్లకు రెండు శాతం నష్టంతోపాటు అరిగిపోయిన టైర్లు కూడా మిగులుతాయి. బండి పైన క్యారియరు కట్టి సామాను ఎక్కిస్తే హైవే మీద నష్టం అంతకు మించిపోతుంది.

బంకులో పోసేది

"జీరో చూసుకోండి సార్" అన్న మాటతో మొదలయ్యే అనుమానం వంద రూపాయలకు బదులు నూటపది కొట్టించుకోవడంతో ముగుస్తుంది. గుండ్రటి అంకె కొడితే తక్కువ వస్తుందన్న నమ్మకం అందరిలో ఉంది. కొలిచే యంత్రం ఒకటే కాబట్టి అంకె మార్చినంత మాత్రాన దాని కొలత మారదు. తెల్లవారుజామున పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్నదీ ఇలాంటిదే. పెట్రోలు వేడికి పదేసి డిగ్రీలకు ఒక శాతం వ్యాకోచించే మాట నిజమే. కానీ బంకులో అది నిలవుండేది భూమిలోపలి ట్యాంకులో. అక్కడ పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు.

మోసాలు లేవని కాదు. పంపుల్లో చిప్పులు పెట్టి కొలత తగ్గిస్తున్న ముఠాను 2020లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అనుమానం తీరడానికి మార్గం నూటపది కొట్టించడం కాదు, ఐదు లీటర్ల డబ్బా అడగడం. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ డబ్బా ప్రతి బంకులోనూ ఉండాలి. అడిగితే కళ్లెదుటే అందులోకి కొట్టి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడాను చట్టం ఒప్పుకుంటుంది, అంటే అర శాతం. ముప్ఫై లీటర్ల ట్యాంకు మీద అది 150 మిల్లీలీటర్లు, రెండు కిలోమీటర్ల దూరం. చట్టం గీతలోపల ఉన్న బంకు తొమ్మిది కిలోమీటర్ల తేడాకు కారణం కాలేదు.

ఇథనాల్ సంగతి ఇంత తేలిగ్గా కొట్టేసేది కాదు. పది శాతం కలిపే లక్ష్యం 2022 జూన్‌లో చేరాం. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2030కి అనుకున్న గమ్యాన్ని ముందుకు జరిపి 2025లోనే దేశమంతటా అందుకున్నారు. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో మూడింట రెండొంతులే ఉంటుంది. అయిదో వంతు ఇథనాల్ కలిస్తే మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గడం లెక్క ప్రకారం తప్పదు. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై పది శాతానికి సర్దిన కార్లలో 6, 7 శాతం, పది శాతానికి తయారై ఇరవైకి సర్దిన కార్లలో 1, 2 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ కావడంతో దానికి తగ్గట్టు మలిచిన ఇంజిన్ నష్టంలో కొంత పూడ్చుకోగలదు. పాత ఇంజిన్‌కు ఆ వీలు లేదు. పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు ముందే మార్చాల్సి రావచ్చని కేంద్రం కూడా ఒప్పుకుంది. ఈ విధానాన్ని సవాలు చేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

పదేళ్ల పాత కారున్నవాళ్లకు ఆరు శాతం అంటే ఏడాదికి నలభై లీటర్ల పైచిలుకు, నాలుగున్నర వేల రూపాయలు. విదేశీ మారకం మిగులుతుంది, మొక్కజొన్న, చెరకు రైతుకు మరో గిరాకీ వస్తుంది. రెండూ కాదనలేని లాభాలు. అయితే లీటరులో శక్తి తగ్గినప్పుడు ధర ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు కొనేవాడికి సరైన జవాబు రాలేదు. ఏ బళ్లకు ఏ మిశ్రమం తగునో ఎంచుకునే వీలూ మామూలు బంకులో లేదు. ఇథనాల్ మీద సగటు యజమాని కోపంలో సాంకేతికంగా అతిశయం ఉండొచ్చు, ఈ రెండు విషయాల్లో మాత్రం న్యాయముంది.

ఏ బండి కొనాలి?

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చి ద్విచక్రవాహనంలో మైలేజీని అమ్మకపు మంత్రం చేసింది. కార్లలో ఆ పని 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 చేసింది. లీటరుకు పది కూడా కష్టమైన అంబాసిడర్ పక్కన అది వేరే లోకం నుంచి వచ్చినట్టే. తర్వాత డీజిల్ కార్ల హవా సాగింది. అది ఇంజిన్ గొప్పతనం కన్నా ధరల మధ్య ప్రభుత్వం ఉంచిన తేడా వల్ల వచ్చిన గిరాకీ. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద నియంత్రణ తీసేసి డీజిల్ మీద ఉంచారు. 2014 అక్టోబరులో అదీ తీసేశారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు రాగానే చిన్న డీజిల్ ఇంజిన్లు ఖరీదు గిట్టక మాయమయ్యాయి.

ఇప్పుడు ముందున్న దారులు నాలుగు. చిన్న పెట్రోలు కారు కాగితం మీద 24 నుంచి 26 దాకా చెబుతుంది. సీఎన్‌జీలో వ్యాగన్ ఆర్ కిలోకు 34 ఇస్తుందంటారు; అందులో మాయ చాలావరకు కొలతదే. కిలో సీఎన్‌జీలో లీటరు పెట్రోలు కన్నా 40 శాతం దాకా ఎక్కువ శక్తి ఉంటుంది. అంటే మైలేజీ దాదాపు అదే, మిగిలేది ధరలో. డిక్కీలో సిలిండరు పెట్టుకునే ఓపికా, దారిలో పంపూ ఉంటేనే అది లాభం. హైబ్రిడ్ కారు బ్రేకు కొట్టినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుంటుంది. 2022లో వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటివి దాదాపు 28 చెబుతున్నాయి. ఊళ్లో ఎక్కువ తిరిగేవాళ్లకే దాని అసలు లాభం. కరెంటు కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పోయిందనుకున్నా, ఇంట్లో ఛార్జింగు పెట్టుకుంటే కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. పెట్రోలుకు ఏడు. కొనే ధర ఎక్కువ కాబట్టి ఏడాదికి ఎంత తిరుగుతామన్నదే అక్కడ తేల్చే విషయం.

బండి మార్చేటప్పుడు లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న కొలత కళ్లు కప్పుతుంది. 20 ఇచ్చే కారు అమ్మి 25 ఇచ్చేది కొంటే అయిదు పెరిగింది, 10 ఇచ్చేది అమ్మి 12 ఇచ్చేది కొంటే రెండే పెరిగింది అనిపిస్తుంది. వంద కిలోమీటర్లకు లెక్కేస్తే మొదటివాడికి మిగిలేది ఒక లీటరు, రెండోవాడికి లీటరున్నర పైనే. పెద్ద ఎస్‌యూవీ తీసుకునేవాళ్లు "ఒకటి రెండు కిలోమీటర్లు తగ్గితే ఏముందిలే" అనుకునేది ఈ కనికట్టు వల్లనే. దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఇప్పుడు చిన్నవో పెద్దవో ఎస్‌యూవీలే. కొత్త కార్ల సగటు కర్బన ఉద్గారాన్ని 2022-23 నుంచి కిలోమీటరుకు 113 గ్రాములకు దించాలని కేంద్రం పరిమితి పెట్టింది. పెట్రోలు లెక్కలో అది లీటరుకు 20, 21 కిలోమీటర్లు. దాన్నీ కొలిచేది ఏసీ లేని ఆ గదిలోనే.

సొంత లెక్క

ఈ వాదాలన్నింటికీ జవాబిచ్చే పరీక్ష ఎవరికి వారు చేసుకోవచ్చు. ఒక బంకులో పంపు దానంతట అదే ఆగేదాకా ట్యాంకు నింపించి ట్రిప్ మీటరు సున్నా చేయాలి. మామూలుగా తిరగాలి. ఇంకోసారి అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ ఆగేదాకానే నింపించాలి. బిల్లులో 26.8 లీటర్లు, మీటరులో 412 కిలోమీటర్లు ఉన్నాయనుకుందాం. మైలేజీ 15.4. వంద కిలోమీటర్లకు ఆరున్నర లీటర్లు, కిలోమీటరుకు ఏడు రూపాయలు. ఆగిపోయాక "గుండ్రంగా చేద్దాం సార్" అని ఇంకో అర లీటరు కుక్కనిస్తే లెక్క చెడుతుంది. డ్యాష్‌బోర్డు చూపే సగటు ఉదారంగా ఉండటం మామూలే కనుక దాన్నే పట్టుకు కూర్చోకూడదు. ఎండాకాలం అంకె ఒకటి, చలికాలం అంకె ఒకటి రాసిపెట్టుకుంటే ఏసీ ఖరీదెంతో తెలుస్తుంది. గుంటూరు వెళ్లొచ్చిన ట్యాంకు, ఊళ్లో తిరిగిన ట్యాంకు పోల్చుకుంటే ట్రాఫిక్ ఖరీదు తెలుస్తుంది. హఠాత్తుగా పదిహేను శాతం పడిపోతే అది ఇథనాల్ పని కాదు. మెకానిక్ దగ్గరికో, తూనికల కొలతల శాఖకో వెళ్లాల్సిన వేళ అది.

పోయిన తొమ్మిది కిలోమీటర్లలో పెద్ద వాటా పరీక్ష వదిలేసిన ఎండది, ఆగుతూ సాగే ఊరిది, దగ్గర ప్రయాణాలది. తర్వాతిది మన కాలిది. ఇథనాల్‌ది పాత బండికి లెక్కలోకొచ్చే వాటా, కొత్త బండికి చిన్నది. నిజాయితీగా నడిచే బంకుది దాదాపు ఏమీ లేదు. ఇందులో మన చేతిలో ఉన్నవాటిని దిద్దుకుంటే పది పదిహేను శాతం తిరిగి రాబట్టుకోవడం పెద్ద కష్టం కాదు. మూడు పనులు ఒకే తిరుగుడులో ముగించుకోవడం, ఒక్కరే గుంటూరు పోవాల్సిన రోజున రైలెక్కడం అంతకన్నా ఎక్కువ మిగులుస్తాయి. మిగతాది ప్రభుత్వం చేయాల్సిన పని. కారు మీద అంటించే కాగితంలో ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత, ఏసీ వేస్తే ఎంత అని మూడు అంకెలుండాలి. బంకులో పోసే మిశ్రమంలో ఏముందో పంపు మీద పెద్ద అక్షరాల్లో రాయాలి. ఫ్రిజ్జుకూ ఏసీకీ నక్షత్రాలు అంటించి అమ్ముతున్న దేశంలో, అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన వస్తువు మీద ఇంతమాత్రం రాయించడానికి చట్టమూ యంత్రాంగమూ ఇప్పటికే ఉన్నాయి.